గ్యాసే కదా!

తెలుగునాట ఎంబీబీఎస్ చదవకుండా ఎవరైనా చెప్పేయగల జబ్బు ఒకటుంది: గ్యాసు. ఛాతీలో మంటా? గ్యాసు. వీపులో పోటా? గ్యాసు. తల తిరుగుతోందా? గ్యాసు పైకెక్కింది. ఎందుకొచ్చిందంటే జవాబు నాలుక చివరే ఉంటుంది: కారం, టెన్షను, వేళకు తినకపోవడం. వైద్యం ఇంకా సులువు. మెడికల్ షాపు ముందు నిలబడి పొట్ట నిమురుకుంటే చాలు, చీటీ అడక్కుండా పాంటాప్రజోల్ స్ట్రిప్పు చేతిలో పెడతారు. రోజూ పరగడుపున అది పడాల్సిందే. ఎన్నాళ్లుగా వాడుతున్నారంటే, ‘మా పెద్దాడి పెళ్లప్పటి నుంచి’ అని గొప్పగా చెప్పుకుంటారు.

ఈ వైద్యం సాగుతుండగా కడుపులో నిశ్చింతగా కాపురముండే జీవి ఒకటుంది. హెలికోబాక్టర్ పైలోరి అనే మెలితిరిగిన బాక్టీరియా. ప్రపంచంలో దాదాపు సగంమంది కడుపుల్లో ఉందని అంచనా. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. కడుపులో ఆమ్లముంటే ఏ క్రిమీ బతకదని మన ధీమా. ఇదేమో యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి, పుట్టిన అమోనియాతో తన చుట్టూ ఆమ్లాన్ని చల్లార్చుకుంటుంది. సొంతంగా యాంటాసిడ్ తయారుచేసుకునే క్రిమి మీదికి మనం ఆమ్లం తగ్గించే మాత్ర పట్టుకుని యుద్ధానికి బయల్దేరామన్నమాట!

తర్వాత అది జిగురు పొరను తొలుచుకుంటూ కణాల దాకా వెళ్తుంది. అక్కడ జరిగేది ఏ మిరపకాయకూ చేతకాని పని. కొన్ని రకాలు సూదిలాంటి నిర్మాణంతో కాగ్-ఎ అనే ప్రోటీన్‌ను నేరుగా మన కణంలోకి ఎక్కిస్తాయి. దానికి మన కణంలోని ఎంజైములే ఫాస్ఫేటు తగిలించి పనికి సిద్ధం చేస్తాయి. ఇంటిదొంగలు అక్కడా ఉన్నారు. ఇక కణానికి పెరగమని, కదలమని తప్పుడు సంకేతాలు మొదలు. పక్క కణాలతో అతుకు సడలుతుంది, ఆకారం సాగిపోతుంది. వాక్-ఎ అనే ఇంకో విషం కణంలో బుడగలు పుట్టించి, మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. బుడగలన్నాను కదా అని, ‘చూశారా, గ్యాసే!’ అని ఎగరకండి. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సోకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. కడుపులో పుండు పడేది కొందరికి, క్యాన్సర్ వచ్చేది ఇంకా తక్కువమందికి. ఆ కొందరిలో మీరున్నారో లేదో మెడికల్ షాపు కుర్రాడు మీ మొహం చూసి కనిపెట్టేస్తాడు కాబోలు.

ఒక్క మనల్నే అనడం అన్యాయం. టెన్షను సిద్ధాంతాన్ని మహామహా డాక్టర్లే నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే డాక్టర్లు పుండు ఈ క్రిమి పనంటే మిగతావాళ్లు పెదవి విరిచారు. ఒళ్లు మండి 1984లో మార్షల్ ఆ క్రిముల్ని పెంచిన ద్రవాన్ని తానే తాగేశాడు. పది రోజులకు ఎండోస్కోపీ చేస్తే కడుపు పొర వాచి ఉంది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన వీధిలో మాత్రం ఇదంతా చెబితే, ‘ఆయన ఆ రోజు టిఫిన్ మానేసి ఉంటాడు’ అంటారు.

పుండు పడటానికి గుంటూరు మిరపకాయ కారణం కాదు. మహా అయితే ఉన్న మంటను గుర్తుచేస్తుంది. ఆవకాయలోని ఉప్పును మాత్రం నేను వెనకేసుకు రాలేను, ఈ క్రిమి ఉన్న కడుపులో అతిగా ఉప్పు పడితే ముప్పు పెరుగుతుంది. అసలు రెండో ముద్దాయి వేరే ఉంది: మోకాళ్ల నొప్పులకని రోజూ మింగే డైక్లోఫెనాక్ లాంటి మాత్ర. ‘మిర్చి బజ్జీ నాకు పడదండీ’ అంటూనే దాన్ని గుటుక్కుమనిపిస్తారు.

క్రిమిని కనిపెట్టే పరీక్షేమీ బ్రహ్మవిద్య కాదు. ఊపిరి ఊదితే చాలు. క్రిమి ఉందని తేలితే ఆమ్లం తగ్గించే మందుతోపాటు కనీసం రెండు యాంటీబయాటిక్‌లు, మామూలుగా 14 రోజులు. మనవాళ్లు మంట తగ్గగానే ఆపేసి, మిగిలినవి ఇంట్లో ఎవరి జలుబుకో దాచిపెడతారు. అన్నట్టు, పరీక్షకు రెండు వారాల ముందే పరగడుపు మాత్ర మానాలి. లేకపోతే అణిగి ఉన్న క్రిమి దొరక్కుండా పోవచ్చు. ఈ మాట చెబితే మన గ్యాసు పండితుడు ‘రెండు వారాలే!’ అని గుండెలు బాదుకుని, పరీక్ష నాటి ఉదయం కూడా మాత్ర వేసుకునే వెళ్తాడు. నెగటివ్ రిపోర్టుతో తిరిగొచ్చి, అనవసరంగా డబ్బు తగలేయించారని నా మీద మండిపడతాడు.