చేపను వదిలేసేవాళ్లు వినకూడని సలహాలు

గాలానికి తగిలిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేస్తే దానికి ఏమీ కాదని చాలామంది నమ్మకం. ఏటి ఒడ్డున కొత్తవాళ్లకు దొరికే సలహాల్లో సగం ఆ నమ్మకంలోంచి పుట్టినవే. ఆ నమ్మకం తప్పు, అరుదైన జాతులకు మరీ నష్టం. కావేరిలో, దాని ఉపనదుల్లో తప్ప మరెక్కడా లేని మూపు మహసీర్ యాభై కిలోలు దాటి పెరిగే చేప. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. గుడ్లు పెట్టే పెద్ద ఆడచేప ఒక్కటి పోయినా అలాంటి జాతికి పెద్ద లోటే. అందుకే కింది సలహాలు ఎంత అనుభవజ్ఞులు చెప్పినా వినకండి.

1. “సన్నదారం కట్టు తమ్ముడూ, ఆడించి ఆడించి అలిసిపోయాక లాగు.”
చేప పెనుగులాడేకొద్దీ కండరాలకు ప్రాణవాయువు చాలదు, ఒంట్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. కొన్ని చేపలు వదిలిన కొన్ని గంటలకు చచ్చిపోవడానికి ఇదొక కారణం. చేప బరువుకు తగ్గ గట్టి దారం కట్టండి, త్వరగా ఒడ్డుకు తెండి.

2. “ఎత్తి పట్టుకో, ఫోటో తీస్తా.”
మొప్పల్లోని పల్చటి రేకులను విడివిడిగా నిలిపేది నీరే. గాలిలోకి తీయగానే అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పరుగు పందెం ముగించి రొప్పుతున్న మనిషి ముక్కూ నోరూ మూసినట్టే ఇది. 1992లో అచ్చయిన ఒక కెనడా ప్రయోగంలో రెయిన్‌బో ట్రౌట్ చేపలను అలిసిపోయేదాకా తరిమారు. బయటికి తీయకుండా ఉంచినవాటిలో చచ్చిపోయినవి 12 శాతం. 30 సెకన్లు గాలిలో ఉంచితే 38 శాతం, నిమిషం ఉంచితే 72 శాతం. ఫోటో కావాలంటే చేపను నీళ్లలోనే ఉంచి తీసుకోండి. బరువైన చేపను దవడ పట్టుకుని నిలువునా వేలాడదీయకండి, లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

3. “పొడిగుడ్డతో పట్టుకో, జారదు.”
చేప ఒంటిమీది జిగురే దానికి రక్షణ. గుడ్డ రాపిడికి అది ఊడొస్తే ఆ చోట బూజు, పుండ్లు పట్టే ప్రమాదం ఉంది. ముందు చేతులు తడుపుకోండి. వల వాడితే ముడులు లేని రబ్బరు వల వాడండి.

4. “గాలం మింగేసిందా? ఎలాగోలా పీకెయ్.”
చేప గుండె గొంతుకు దగ్గర్లోనే ఉంటుంది. లోపల దిగిన గాలాన్ని లాగితే రక్తం ఆగదు. దారాన్ని నోటి దగ్గరే కత్తిరించి వదిలేయండి, బతికే అవకాశం ఎక్కువ. అంతవరకూ రాకుండా ఎర వేసేటప్పుడు కొన లోపలికి వంగిన సర్కిల్ హుక్ వాడండి, అది ఎక్కువగా దవడ మూలలోనే తగులుకుంటుంది. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కి చదును చేసుకుంటే తీయడం క్షణాల పని.

5. “ఎండైతేనేం, మధ్యాహ్నమూ వేద్దాం.”
నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు కావలసింది మాత్రం పెరుగుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునే ముగించండి. ఏరు ఎండి నీరు మడుగుల్లో మిగిలినప్పుడు అసలు వేయకండి.

6. “ఈదుకుంటూ పోయింది కదా, బతికినట్టే.”
2005లో వచ్చిన ఒక సమీక్ష అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. వదిలిన చేపల్లో సగటున 18 శాతం చనిపోతున్నాయని తేలింది. జాతిని బట్టి, పట్టిన తీరును బట్టి ఒక్కటీ చావని సందర్భాలూ ఉన్నాయి, దాదాపు అన్నీ చచ్చినవీ ఉన్నాయి. నీరసించిన చేప కాసేపటికే వేరే జంతువు నోట పడొచ్చు. కాబట్టి దాన్ని నీళ్లలోనే ప్రవాహానికి ఎదురుగా, వీపు పైకి ఉండేలా పట్టుకోండి. మొప్పలు నిలకడగా ఆడి, తోక విదిలించుకుని తనంతట తానే పోబోయేదాకా చేయి తీయకండి.

ఈ ఆరు సలహాలూ మనిషి సరదాను చూస్తాయి, చేప ప్రాణాన్ని చూడవు. వదిలేయాలన్న నిర్ణయం చేప చేతికొచ్చాక తీసుకునేది కాదు. దారం, గాలం, వేళ ఎంచుకునేటప్పుడే తీసుకోవాలి. అప్పుడు ఆ జాగ్రత్తలు పాటించలేమనిపిస్తే ఆ రోజుకు గాలం వేయకండి.