ఈసారన్న బతుకుతదా: సటీకా తాత్పర్యం

మూలం: "అరే, మల్ల గదే పుస్తకం వట్టినవా? ఈసారన్న బతుకుతదా గా పిల్ల?"

అవతారిక: షోలాపూర్ పూర్వభాగంలో, సాఖర్ పేటలో, ఒళ్లో బీడీల చాట పెట్టుకున్న తల్లి, గోడకానుకుని యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' తిరగేస్తున్న యాభయ్యేళ్ల కొడుకుతో పలికిన వాక్యమిది. కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి మెతుకుసీమ కొలిచెలమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోదీ పాటిస్తే వ్యాసం ఇక్కడితో సరి.

ప్రతిపదార్థం: అరే = జుట్టు నెరిసినా నా కంటికి పదిహేనేళ్లవాడిలాగే కనబడే ఓ కుమారుడా; మల్ల = ఇంటికి సున్నం వేసినప్పుడల్లా అటక మీంచి దింపి; గదే = అట్ట ఊడిపోతే చద్దరు నూలుతో కుట్టుకున్న ఆ; పుస్తకం = నవలను; వట్టినవా = చేతబట్టితివా (పట్టవలసింది మగ్గం మోటారు అని ధ్వని); ఈసారన్న = కనీసం ఈ పఠనంలోనైనా; గా పిల్ల = టెలిఫోనులో గొంతు మాత్రమే వినిపించే రమ్య అను నాయిక; బతుకుతదా = ఆఖరి పేజీ దాటునా?

తాత్పర్యం: పుస్తకం మూసి, లేచి మోటారు చూడు.

అలంకారం: వ్యాజస్తుతి అని కొందరు. స్తుతి ఎక్కడుందో చూపలేకపోయారు.

విశేషాలు: పలికినావిడకు అక్షరాలు రావు. కథ మాత్రం పొల్లుపోకుండా తెలుసు. ఎట్లాగంటే, ఆ కొడుకును నేనే. నా బడి మరాఠీ. తెలుగు అక్షరాలు దిద్దించింది కరీంనగర్ నుంచి వచ్చిన మేనమామ. ఈ నవల కూడా ఆయన సంచిలో వచ్చిందే. సెలవుల్లో వసారాలో ఆడవాళ్లు ఆకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కడుతుంటే నేను పెద్దగా చదివేవాణ్ణి. పక్క కార్ఖానాలో మగ్గాలు దడదడలాడుతుంటాయి కాబట్టి నాయకుడు రేవంత్, రమ్యల గుసగుసలు కూడా గొంతు చించుకునే చదవాలి. అంతలో కరెంటు పోయేది. మగ్గాలు టక్కున ఆగేవి. నేను ఆగేలోపల ఒక ప్రేమవాక్యం గల్లీ అంతా మోగేది.

క్యూబాలో 1865 నుంచి చుట్టల కార్ఖానాల్లో నవలలు చదివి వినిపించేందుకు మనిషి ఉండేవాడు. అతని జీతం కార్మికులే చందాలేసుకుని ఇచ్చేవారు. డ్యూమా నవల విని మురిసిన కార్మికుల వల్లనే మాంటెక్రిస్టో చుట్టకు ఆ పేరొచ్చిందంటారు. నాకు ముట్టింది అరకప్పు చాయ్. షోలాపూర్‌లో ఏ బీడీకీ రమ్య పేరు పెట్టలేదు.

పైగా శ్రోతలు ఊరుకునేవారు కాదు. "గన్ని ఫోన్లకు బిల్లెవరు కడుతున్నరు?" అని ఒకరు. "గా పొలగాడు ఏం పని జేస్తడు?" అని ఇంకొకరు. చదరంగం ఆడతాడని చెబితే, "ఆడుతడు సరే, పనేంది?" అనేవారు. "బిడ్డకు గంత బీమారుంటె తల్లి యాడున్నదిరా?" అని మా అమ్మ. నాకు ఒళ్లు మండేది. తన ఆచూకీ కనుక్కోమని ఆ పిల్ల విసిరిన చిక్కుముడి విప్పడంలో నేనూ రేవంత్‌నే. మా గల్లీలో ఫోనున్నది చద్దర్ల సావుకారు గద్దె దగ్గర ఒక్కటే. అది మోగితే నూలు ధర తప్ప ఇంకేమీ పలకదని తెలిసినా, అటు పోయినప్పుడల్లా నడక నెమ్మదించేది.

ఇప్పుడు చదివితే చిక్కుముళ్లు అంతే బిగువుగా ఉన్నాయి. యండమూరి చేతిపని అది, వంక పెట్టలేం. రేవంత్ మాత్రం కొంచెం విసిగిస్తున్నాడు. ఫోను పెట్టేశాక అవతలి గదిలో ఏం జరుగుతోందన్న వైపే నా మనసు పోతోంది. జబ్బుతో ఉన్న పిల్ల అంత హుషారుగా నవ్వడానికి ఎంత ఓపిక కూడగట్టుకుందో, రిసీవరు దించాక దిండు ఎవరు సర్దారో. మా వసారాలో అడ్డుప్రశ్నలని నేను కసిరినవన్నీ ఇవే. నాకూ ఒక ఆడపిల్ల ఉంది.

పూర్వపక్షం: అచ్చులో చచ్చినవాళ్లు ఎన్నిసార్లు చదివినా లేవరు. 1995లో అనంత్ నాగ్‌తో 'బెళదింగళ బాలె' అని కన్నడంలో సినిమా తీసినప్పుడూ రమ్య బతకలేదు. కనుక మూలంలోని ప్రశ్న వ్యర్థం.

సమాధానం: కాదు, పాఠాంతరం ఉంది. ఆఖరి అధ్యాయం చదివిననాడు ఒకావిడ వెయ్యి బీడీలు అప్పజెప్పడానికి మధ్యలోనే లేచింది. చీకటిపడ్డాక తిరిగొచ్చి ఏమైందని అడిగితే మా అమ్మ, "దొరికింది, మందులు వడ్డయి, పెండ్లయింది" అని చెప్పింది. అదేందమ్మా అంటే, "అలసిపోయి వచ్చిన మనిషికి ఇంకేం జెప్పాలెరా" అంది. ఆవిడ తర్వాత కుంభారి దగ్గర బీడీ కార్మికులకు 10,000 ఇళ్లతో కట్టిన గోదూతాయి పరుళేకర్ కాలనీకి మారింది. కథనూ వెంట తీసుకుపోయింది. నిరుడు ఒక పెళ్లిలో కలిసినప్పుడు విన్నాను: కుంభారి పాఠంలో రమ్యకు ఇద్దరు పిల్లలు.