కొత్త అట్ట పద్యానికి తాడిమర్రి టీక

అవతారిక

ఈ చాటువు తాడిమర్రి రచ్చబండ దగ్గర పుట్టింది. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు పండక్కి వస్తూ మూడు లావుపాటి పుస్తకాలు మోసుకొచ్చాడు. అవే పేర్లున్న మూడు పుస్తకాలు పదేళ్ల కిందటా తెచ్చాడు. "అవి ఏమాయెరా?" అని మామ అడిగితే "అవి పాత ఎడిషన్ మామా" అన్నాడు. మామ ఆశువుగా చెప్పిన పద్యం ఇది.

మూలము

పాత పుస్తకంబు పనికిరాదనుచును
గొత్తయట్ట వేసి కొనుడటండ్రు
మూడు పుస్తకాలు ముడుపుగట్టినగాని
పాచిక పడదయ్య భాగ్యశాలి

ప్రతిపదార్థము

భాగ్యశాలి = జేబున రొక్కము, ఇంట ఖాళీ అలమర, మనసున అనుమానము గల ఓ పాఠకుడా; పాత పుస్తకంబు = కుట్టు ఊడక, పుట చినగక, నిన్నటి రాత్రి దాకా ఆట నడిపిన పుస్తకము; పనికిరాదు అనుచును = ఆ మాట ఎక్కడా అనకయే అనిపించుచు; కొత్త అట్ట వేసి = సూత్రములు కొన్ని, బొమ్మలు అన్నీ మార్చి; కొనుడు అట అండ్రు = కొనుమందురు; మూడు పుస్తకాలు = ఆటగాని పుస్తకము, ఆట నడుపువాని పుస్తకము, భూతముల పుస్తకము అనువానికి; ముడుపు కట్టిన గాని = ఒక్కొక్కదానికి 50 డాలర్లకు అటూ ఇటూగా సమర్పించిన గాని; పాచిక = ఇరవై ముఖములు గలది; పడదు అయ్య = దొర్లదు సుమా.

తాత్పర్యము

నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టి తామేం చేస్తామో నోటితో చెబుతారు. అనుమానం వచ్చిన చోట పాచిక వేస్తారు. దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఒకసారి నేర్చుకున్నాక ఈ ఆటకు తరుగు లేదు. తరుగు లేని వస్తువును రెండోసారి అమ్మడం ఎట్లా అన్న చింతలోంచి ఎడిషన్ పుట్టిందని కవి భావం.

విశేషములు

"మూడు" అన్నది ఛందస్సు కోసం వేసిన అంకె కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలిసారి వచ్చినప్పుడే పెట్టెలో మూడు చిన్న పుస్తకాలున్నాయి. 1977 నుంచి 1979 దాకా ఏడాదికొకటి చొప్పున మూడు గట్టి అట్ట పుస్తకాలు వేసి, పేరుకు ముందు "అడ్వాన్స్‌డ్" చేర్చారు. ఇది వేరే ఆట గనుక ఆర్నెసన్‌కు వాటా రాదని అచ్చు వేసిన కంపెనీ వాదం. ఆయన 1979లో కోర్టుకెక్కితే 1981లో రాజీ కుదిరింది. పేరుకు ముందు ఒక్క మాట చేర్చితే ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి గ్రహించాలి.

1989లో రెండో ఎడిషన్ వచ్చింది. 1997లో కంపెనీ చేతులు మారింది. 2000లో మూడోది, 2003లో మూడున్నర. భిన్నసంఖ్యకూ ముడుపు కట్టించవచ్చునని లోకానికి అప్పుడే తెలిసింది. 2008లో నాలుగు, 2014లో అయిదు. 2024లో మొదలైన సవరణను మాత్రం కంపెనీ ఆరు అనలేదు. అయిదే, పాత కథలు దీంతోనూ నడుస్తాయి అంది. అంకె మారిస్తే కొనేవాడు బెదురుతాడని యాభై ఏళ్ల అనుభవం నేర్పింది.

పూర్వపక్షము

"సామీ, అంతా అమ్మకమేనా? పాత సూత్రాల్లో తప్పులుండవా?" అని శిష్యుని ప్రశ్న.

ఉంటాయప్పా. కొత్తగా నేర్చుకునేవాడికి తేటగా రాసిన పుస్తకం కావాల్సిందే. అమ్మేవాడి కష్టం కూడా చూడాలి. కొత్త కథలు, కొత్త భూతాలు అచ్చు వేస్తే వాటిని కొనేది ఎక్కువగా ఆట నడిపేవాడు ఒక్కడే. బల్ల చుట్టూ ఉన్న అందరూ కొనేది ఆటగాని పుస్తకం. అందుకే అనుబంధాలు వేసీ వేసీ అమ్మకం సన్నగిల్లినప్పుడు మళ్లీ మొదటి పుస్తకం దగ్గరికే వస్తారు. అట్లాగని అందరూ ఇంతే అనడానికి లేదు. కేయాసియం సంస్థ వారి కాల్ ఆఫ్ క్తుల్హూ 1981లో మొదలై ఏడో ఎడిషన్‌కు చేరినా, తొలినాటి కథను కొద్దిపాటి లెక్కలు సరిచూసుకుని ఇప్పుడూ ఆడుకోవచ్చు.

సిద్ధాంతము

పుస్తకానికి కొత్తదనం తెచ్చే దారులు మనకూ తెలుసు. మల్లినాథ సూరి కాళిదాసు శ్లోకాన్ని కదిలించలేదు. పక్కన సంజీవని రాశాడు. మూలం అట్లాగే ఉంది, వ్యాఖ్య పెరిగింది. పుదూరి సీతారామశాస్త్రి 1832లో కూర్చిన బాలశిక్షది ఇంకో దారి. అది పెరిగి పెద్దబాలశిక్ష అయింది. తరాలు మారేకొద్దీ లోపలి పాఠాలు మారాయి, పేరు నిలిచింది. ఆటల కంపెనీలు నడిచేది ఈ రెండో దారిలో. కానీ పెద్దబాలశిక్ష మారితే తాత, మనవడు ఒకే బల్ల దగ్గర తగువు పడనక్కర్లేదు. ఆటలో సూత్రం మారితే పడాలి.

పడ్డారు కూడా. 2008 నాటి మార్పు నచ్చనివాళ్ల కోసం పైజో అనే సంస్థ పాత మూడున్నర సూత్రాలనే మెరుగుదిద్ది, 2009లో పాత్‌ఫైండర్ పేరుతో అచ్చు వేసింది. సూత్రాలను ఇతరులూ వాడుకోవచ్చని డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీ 2000లో ఇచ్చిన బహిరంగ లైసెన్సు దానికి అండ. 2023 జనవరిలో ఆ లైసెన్సును బిగించే ముసాయిదా బయటపడితే ఆటగాళ్లు భగ్గుమన్నారు. నెల తిరగకముందే డంజన్స్ కంపెనీ వెనక్కి తగ్గి, అయిదో ఎడిషన్ మూల సూత్రాలను క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. అమెరికా చట్టంలో ఆట ఆడే పద్ధతికి కాపీరైట్ లేదు; దాన్ని చెప్పిన మాటలకూ వేసిన బొమ్మలకూ ఉంది. కాబట్టి అంగడిలో దొరికేది వర్ణన. ఆట మాత్రం ఆడేవాళ్ల సొత్తు.

దీనికి లోకంలో దృష్టాంతం పులి-మేక. అరుగు మీద బొగ్గుతో గీస్తే మూడు పులులు, పదిహేను మేకలు కూర్చుంటాయి. తగువొస్తే పెద్దాయన చెప్పిందే సూత్రం. ప్రచురణకర్త లేడు గనుక ఎడిషన్ లేదు.

అలంకారము

పాచిక పడదనడం అతిశయోక్తి. కొనుడనడం స్వభావోక్తి.

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. కదిరి దగ్గరి కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన ఎక్కువగా వాడింది ఈ కొలతనే. ఈ నియమాలకు కొత్త ఎడిషన్ రాలేదు, పద్యాలకు కొరతా రాలేదు.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవాడికి కొనాలా వద్దా అన్న సందేహం తీరదు గానీ, అది తేల్చుకునేలోగా పాత పుస్తకంతో ఇంకో కథ ఆడి ముగించిన పుణ్యం దక్కుతుంది.