లీడరు చేతికి చాక్‌పీసు ఇవ్వకండి

జూన్ 12న బడి తెరుస్తారు. నెల తిరక్కుండానే చాలా హైస్కూళ్లలో ఎస్పీఎల్, అంటే స్కూలు లీడరు, ఎంపిక అయిపోతుంది. ప్రేయర్ అయ్యాక హెడ్మాస్టరు గారు ఒక పేరు చదువుతారు. పదో తరగతి ఫస్ట్ ర్యాంకు కుర్రాడు ముందుకొచ్చి నిలబడతాడు, పక్కన ఏఎస్పీఎల్‌గా, అంటే అసిస్టెంటు లీడరుగా, ఒక అమ్మాయి. అందరూ చప్పట్లు కొడతారు. ఆ రోజు నుంచి అతని పనులు మూడు. ప్రేయర్‌లో గట్టిగా ఆర్డర్లు ఇవ్వడం, టీచరు లేని క్లాసులో మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, ఎవరైనా పెద్దలొస్తే పూలగుత్తి అందించడం.

నేను చెప్పబోయేవి స్టాఫ్ రూముల్లో నచ్చే సలహాలు కావు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో చెప్తే "ఇదంతా పిల్లల్ని నెత్తికెక్కించుకోవడమే మాస్టారూ" అన్నారు. ఏళ్ల తరబడి హైస్కూలు పిల్లల మధ్య గడిపినవాడిగా ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

మొట్టమొదటిది, ఫస్ట్ ర్యాంకరును లీడరు చేయకండి. ఆ పిల్లవాడి మీద నాకేం కోపం లేదు. కానీ టీచర్ల మెప్పు అతనికున్న పెద్ద ఆస్తి, దాన్ని పణంగా పెట్టి మనల్ని ప్రశ్నించమంటే ఎలా ప్రశ్నిస్తాడు? పైగా పదో తరగతివాళ్లకు ఉదయం, సాయంత్రం స్టడీ అవర్లు, వారం వారం స్లిప్ టెస్టులు. దసరా సెలవులు దాటితే వాళ్లు మనకు దొరకరు, సంక్రాంతి దాటితే వాళ్లకు వాళ్లే దొరకరు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అందుకని లీడరు తొమ్మిదిలోంచి రావాలి, ఉపనాయకుడు ఎనిమిదిలోంచి రావాలి. అప్పుడు మరుసటి ఏడాదికి పని తెలిసినవాళ్లు బడిలోనే ఉంటారు. పేపర్లు దిద్ది ఇచ్చాక "సార్, ఈ ప్రశ్నకు రెండు మార్కులు తక్కువ వేశారు" అని వచ్చే పిల్ల ఉంటుంది చూడండి, భోజనాల వరుసలో పెద్ద క్లాసువాళ్లు అడ్డంగా దూరితే ఊరుకోని పిల్ల, ఆ అమ్మాయి చేత నామినేషన్ వేయించండి. అబ్బాయి లీడరు, అమ్మాయి అసిస్టెంటు అన్న ఆనవాయితీ ఎవరు పెట్టారో గానీ ఈ ఏడాదే ఆపేయండి.

రెండోది చాక్‌పీసు సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మాట్లాడేవాళ్ల పేర్లు రాసే పని లీడరుకు అప్పగించిన క్షణమే అతను పిల్లల తరఫు మనిషి కాకుండా పోతాడు. బోర్డు మీద ఆ పేర్లు ఎలా పడతాయో ఒకసారి కిటికీ పక్కన నిలబడి చూడండి. మొదట నాలుగు పేర్లు. ఒకడు బతిమాలితే అతని పేరు చెరిపేస్తాడు. చెరిపాడని గొడవ చేసిన ఇంకొకడి పేరు పక్కన 'ఇంటూ' గుర్తు, మళ్లీ మాట్లాడితే రెండోది. టీచరు వచ్చేసరికి ఇంటూలు ఎక్కువున్న పిల్లవాడికి దెబ్బో గుంజీలో ఖాయం. మాట్లాడితే శిక్ష, బతిమాలితే క్షమ, ఎదురు తిరిగితే రెట్టింపు శిక్ష. పదమూడేళ్ల పిల్లలకు అధికారం గురించి మనం నేర్పుతున్న మొదటి పాఠం అది. విద్యా హక్కు చట్టం 2009లోనే పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మనం చేయకూడని పనికి మరో పిల్లవాడిని గూఢచారిని చేస్తున్నాం. క్లాసు ఖాళీగా ఉంటే గోల ఉంటుంది, ఉండనివ్వండి. టీచరు లేని క్లాసును చూసుకోవలసింది పెద్దవాళ్లు, పద్నాలుగేళ్ల లీడరు కాదు.

మూడోది, లీడరును మీరు ఎంపిక చేయకండి, పిల్లల్ని ఎన్నుకోనివ్వండి. ఆ ఎన్నిక జూన్‌లో వద్దు, ఆగస్టులో పెట్టండి. ఆరో తరగతిలోకి చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల నుంచి వచ్చిన పిల్లలకు జూన్‌లో తొమ్మిదో తరగతి ముఖాలే తెలియవు, ఇక ఓటు ఎవరికి వేస్తారు? ఎన్నికల సంఘం 2018లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులు మొదలుపెట్టింది. మీ బడిలో అది కాగితం మీద ఉండే ఉంటుంది. నిర్వహణ మొత్తం ఆ పిల్లలకే వదిలేయండి: ఓటర్ల జాబితా, నామినేషన్లు, ఉపసంహరణ, ప్రచారం, పోలింగు, లెక్కింపు. బ్యాలెట్టు రహస్యంగా ఉండాలి. చేతులెత్తించి చేసేది ఎన్నిక కాదు, ఎత్తని చేతుల్ని గుర్తుపెట్టుకునేవాళ్లు ఆ గదిలోనే ఉంటారు.

ప్రచారంలో అభ్యర్థులు లేనిపోని వాగ్దానాలు చేస్తారు. రోజూ ఆఖరి రెండు పీరియడ్లు గేమ్సే అంటాడొకడు. ఖండించకండి, కొట్టేయించకండి. గెలవనివ్వండి. సెప్టెంబరులో ఏడో తరగతి పిల్లలు "గేమ్స్ ఏవి అన్నా?" అని నిలదీస్తారు, ఆ ప్రశ్న పిల్లల నోట రావాలి. "మన వీధివాడు", "మన ఊరివాడు" అన్న మాటలూ వస్తాయి. దానికి భయపడే చాలామంది హెడ్మాస్టర్లు ఎన్నిక మానేసి ఎంపికకు దిగుతారు. ఎన్నిక ఆపితే ఆ మాటలు పోవు, మన చెవిన పడకుండా ఉంటాయి, అంతే. విన్న మర్నాడే సాంఘిక శాస్త్రం పీరియడులో వాటిని బల్ల మీదికి తీయండి. ఇదంతా ఉత్తుత్తి ఆట కాదు. 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. తొమ్మిదో తరగతి పిల్లలకు నిజం ఓటు ఇంకో నాలుగేళ్ల దూరంలోనే ఉంది.

క్లబ్బులకు వద్దాం. ఆఫీసు రూము గోడ మీద బోర్డు ఉంటుంది. సైన్సు క్లబ్బు, ఎకో క్లబ్బు, గణితం క్లబ్బు, ఇంగ్లీషు క్లబ్బు, జూనియర్ రెడ్‌క్రాస్, రీడింగు క్లబ్బు, ఒక్కోదాని ఎదురుగా ఇన్‌చార్జి టీచరు పేరు. ఎవరైనా తనిఖీకి వస్తే ఫొటో తీస్తారు. నా సలహా, వాటిలో చచ్చిపోయేవాటిని చచ్చిపోనివ్వండి. నెల రోజులు ఎవరూ కూర్చోని క్లబ్బు పేరు బోర్డు మీంచి చెరిపేయాలి, ఆ చెరిపే పని లీడరు చేయాలి. పిల్లలు అడిగిన క్లబ్బులు రెండు మిగిలినా చాలు. పల్లెటూరి హైస్కూలులో చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లలు సైకిళ్ల మీద వస్తారు. అలాంటి చోట పంక్చరు వేయడం నేర్పే సైకిల్ క్లబ్బు పెడితే, గాలి పంపు, ప్యాచుల పెట్టె, నీళ్ల టబ్బు చుట్టూ రోజూ సాయంత్రం పిల్లలు మూగుతారు. ఏ సర్క్యులర్‌లోనూ లేని క్లబ్బు అది. మీ పై అధికారి అడిగితే సైన్సు క్లబ్బు కిందే చూపించండి, గాలి ఒత్తిడి పాఠం అందులో ఉంది కూడా.

ఇక డబ్బు. పిల్లల చేతికి డబ్బు ఇవ్వండి. ఈ మాట అనగానే అందరూ ఉలిక్కిపడతారు. సమగ్ర శిక్ష పథకంలో యూత్, ఎకో క్లబ్బుల కోసం సెకండరీ పాఠశాలలకు ఏటా 25 వేల రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. సొమ్ము ఎంత వచ్చినా దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో మాత్రం పిల్లలు నిర్ణయించిన బడులు నేను చూసినవి తక్కువ. ఓచర్ల మీద హెడ్మాస్టరు సంతకం ఎలాగూ ఉండాలి, ఉండనివ్వండి. లెక్క మాత్రం పిల్లలు రాయాలి.

ఒక బడిలో ఎకో క్లబ్బు కోశాధికారి తొమ్మిదో తరగతి అమ్మాయి. లాంగ్ నోట్‌బుక్కులో స్కేలు పెట్టి గీతలు కొట్టి రాసుకుంది: వంగ, బెండ విత్తనాలు, తాడు, రెండు బకెట్లు, ఆటో. ఆటో ఎదురుగా ఎర్ర పెన్నుతో 'బిల్లు లేదు' అని. నెలాఖరు ప్రేయర్‌లో చదువుతుంటే ఆరో తరగతి వరుసలోంచి ఒక చిన్నవాడు చెయ్యెత్తి, "అక్కా, రెండో బకెట్టు ఎక్కడుంది?" అన్నాడు. నిజంగానే లేదు. స్టాఫ్ బాత్‌రూములో ఉంది. ఆ అమ్మాయి వెళ్లి అడిగి తెచ్చుకుంది. ఏ సివిక్స్ పాఠం ఆ పని చేయించగలదు? నూటికి పది రూపాయలు తేడా వచ్చినా సరే, ఆ తేడా ఎక్కడొచ్చిందో వాళ్లే వెతుక్కోవాలి.

స్వయం పరిపాలన దినోత్సవం గురించి ఎక్కువ చెప్పను. చీరలు కట్టుకుని, కళ్లజోళ్లు పెట్టుకుని పిల్లలు టీచర్లుగా ఒక్కరోజు ఆడుకుంటారు. సరదానే. దాన్ని పరిపాలన అనకండి.

పరిపాలన ఉన్నది మధ్యాహ్న భోజనం దగ్గర. రోజూ కూర రుచి చూసి టీచరు రాయాల్సిన రిజిస్టరులో లీడరు కూడా తన మాట రాయాలి: గుడ్డు చిన్నదా, పప్పు నీళ్లగా ఉందా, కుళాయి పనిచేస్తోందా. ఇది మనం చేసే దయ కాదు. 1992లో మన దేశం చేరిన ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఇచ్చింది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ అనే సంస్థ నడిపిన రాత్రి బడుల్లో పిల్లలే ఓట్లేసి పార్లమెంటు ఎన్నుకున్నారు, ఆ మంత్రులు బడులు తిరిగి ఎలా నడుస్తున్నాయో చూసేవాళ్లు. పగలు మేకలు కాసుకునే అమ్మాయి ఆ పార్లమెంటులో ప్రధానమంత్రి అయింది. తిలోనియాలో సాధ్యమైంది జిల్లా పరిషత్ హైస్కూలులో ఎందుకు కాదో నాకెవరూ సరైన జవాబు చెప్పలేదు.

పిల్లలు పోట్లాడుకుంటారు. ఓడినవాడు ఏడుస్తాడు, గెలిచిన పిల్ల మీద పుకార్లు లేస్తాయి, ఇద్దరు క్లబ్బు నుంచి అలిగి పోతారు. వెంటనే మధ్యలోకి వెళ్లకండి. చేయి చేసుకుంటే తప్ప కదలకండి. ఓడినవాడికి వచ్చే నెల లెక్క తనిఖీ చేసే పని ఇవ్వండి, ఏడుపు తగ్గుతుంది.

హెడ్మాస్టరు గారూ, ఈ ఆగస్టులో ఓట్లు పిల్లలందరి ముందే లెక్కించండి. ఓడిన పిల్ల మళ్లీ లెక్కించమంటే, సాయంత్రం లాంగ్ బెల్ కొట్టినా సరే, మళ్లీ లెక్కించండి.