మైదానంలో కోర్టుపక్షి

కోర్టుపక్షి అనగానే మనకో రూపం కళ్లముందు కదులుతుంది. చంకలో కాగితాల కట్ట, జేబులో వాయిదా చీటీ, నాలుక చివర సెక్షను నెంబరు. గట్టు జానెడు జరిగిందని దావా వేసి, అది తేలేలోగా గట్టుతోపాటు పొలం కూడా వకీలు ఫీజుల్లో కరిగిపోయినా, న్యాయం తన పక్షానే ఉందన్న తృప్తితో గుర్రుపెట్టి నిద్రపోయే మనిషి. ఈ జాతి మన తాలూకా కోర్టుల ఆవరణల్లోనే పుట్టి అక్కడే అంతరించిందనుకుంటే పొరపాటు. అమెరికాలో ఆదివారం పొద్దున ఏ ఊరి పార్కుకైనా వెళ్లి, పెద్దవాళ్లు బేస్‌బాల్ ఆడుకునే చోట కాసేపు నిలబడండి. పొట్ట మీద నిలవని బెల్టు, వీపున నెంబరు, మోకాలికి పట్టీ. సంచిలో నొప్పుల మందు, గ్లవ్, ప్లాస్టిక్ తొడుగు వేసిన రూల్సు పుస్తకం. పుస్తకం అంచులు నలిగి ఉంటాయి, గ్లవ్ మాత్రం కొత్తదిలా నిగనిగలాడుతుంటుంది. ఇక వేరే ఆనవాలు అక్కర్లేదు.

ఈయన గురించి లోకానికున్న అభిప్రాయం ఒకటే. రూలంటే ప్రాణం పెడతాడనీ, కాస్త చాదస్తం తప్ప మనిషి మంచివాడేననీ. ఈయన వల్ల మూడు ఆదివారాలు పాడుచేసుకున్న వాళ్లు కూడా ఆ మాటే అంటారు. నేను ఒప్పుకోను. చాదస్తుడికి అన్ని నియమాల మీదా సమానమైన భక్తి ఉంటుంది. మడి కట్టుకున్న ఆవిడ చుట్టమొచ్చినా పక్కకు జరగమంటుంది, కన్నకొడుకు వచ్చినా జరగమంటుంది. మన కోర్టుపక్షి భక్తి అలాంటిది కాదు, స్కోరు చూసుకుని మేల్కొంటుంది. ఈయన నియమాలను ప్రేమించడు, వాడుకుంటాడు. ఇది నోటికొచ్చిన నింద కాదు. ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

ముందు ఆ లోకం ఎలాంటిదో కొంచెం చెప్పాలి. ఇక్కడ ఆటగాళ్లకు ఎవరూ జీతమివ్వరు. ఆటగాళ్లే చందాలు కట్టి మైదానం అద్దె, బంతులు, అంపైర్ల ఫీజు భరిస్తారు. 1988లో మొదలైన మెన్స్ సీనియర్ బేస్‌బాల్ లీగ్ లాంటి సంస్థలు పద్దెనిమిది దాటినవాళ్లు, ముప్పై అయిదు దాటినవాళ్లు, నలభై అయిదు, యాభై అయిదు, అరవై అయిదు అంటూ వయసుల వారీగా విభాగాలు పెట్టి ఆడిస్తాయి. శరదృతువులో అరిజోనాలో టోర్నమెంటు పెట్టి దానికి దర్జాగా వరల్డ్ సిరీస్ అని పేరు కూడా పెట్టుకున్నాయి. ఇందులో తప్పేమీ లేదు. డెబ్భై ఏళ్లవాడు బ్యాటు పట్టుకుని నిలబడటం కంటే చూడముచ్చటైన దృశ్యాలు లోకంలో తక్కువే. చిక్కల్లా ఒక్కటే. కాళ్లకు వయసొస్తుంది, కళ్లకు వస్తుంది, భుజానికి అన్నిటికంటే ముందే వస్తుంది. నాలుకకు రాదు. కుర్రతనంలో పరుగెత్తి సంపాదించిన బేసును ఇప్పుడు వాదించి సంపాదించవచ్చునని ఏదో ఒక ఆదివారం ఈయనకు తడుతుంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత తెలిసిందే కదా. ఈయన ఒక మెట్టు పైకెక్కి, మద్దెల ఎన్ని అంగుళాలుండాలో పుస్తకంలో వెతుకుతాడు.

ఇదంతా ఈ కాలపు జాడ్యమని కొందరంటారు, పాతవాళ్లు పెద్దమనిషి తరహాలో ఆడుకునేవారట. చరిత్ర అలా చెప్పదు. న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్బు వాళ్లు 1845లో ఇరవై నియమాలు రాసుకున్నారు. నేటి ఆటకు మూలపాఠంగా చెప్పుకునేవి అవే. రాసుకున్నవాళ్లు జీతగాళ్లయిన ఆటగాళ్లు కారు. పగలంతా పనులు చూసుకుని సాయంత్రం కాసేపు ఒళ్లు వంచుదామనుకున్న పెద్దలు, అంటే అచ్చం నేటి ఆదివారపు ఆటగాళ్ల తాతలు. మొట్టమొదటి నియమం బంతి గురించీ కాదు, బ్యాటు గురించీ కాదు. సభ్యులు ఒప్పుకున్న వేళకు తప్పకుండా రావాలన్నది మొదటి నియమం! ఆరో నియమం, సభ్యులు చాలకపోతే బయటివాళ్లను కలుపుకోవచ్చునని. పదిహేడో నియమం, వివాదాలన్నిటికీ అంపైరు మాటే తీర్పు, దాని మీద అప్పీలు లేదని. ఆలస్యంగా వచ్చేవాడు, బయటినుంచి తెచ్చుకున్నవాడు, అంపైరుతో తగువుపడేవాడు: ఇవాళ ఏ లీగు కార్యదర్శి తలనొప్పి మాత్ర వేసుకున్నా కారణం ఈ ముగ్గురిలో ఒకడే. ఆ క్లబ్బు స్కోరు పుస్తకంలో తిట్టినందుకు ఆరు సెంట్లు జరిమానా వేసిన పద్దు కూడా ఉంది. ఆ లెక్కన మన కోర్టుపక్షి ఆటకు తర్వాత పట్టిన చీడ కాదు, ఆటతోపాటు మొలిచినవాడే. పదిహేడో నియమం గాల్లోంచి ఊడిపడలేదు, ఎవరో ఒక మహానుభావుడు రాయించుకున్నాడు.

ఆ నియమం నేటికీ బతికే ఉంది. ఇప్పటి అధికారిక పుస్తకంలో 8.02 అన్న చోట, అంపైరు తన విచక్షణతో ఇచ్చిన తీర్పే తుది తీర్పని, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పకూడదని ఉంది. నియమాన్నే తప్పుగా అన్వయిస్తే మాత్రం మేనేజరు అడగవచ్చు. పుస్తకమంతా కంఠతా వచ్చిన ఈయన ఈ ఒక్క పేజీ దగ్గర నిరక్షరాస్యుడైపోతాడు. కాదు, అన్యాయంగా మాట్లాడకూడదు, దాన్ని కూడా చదివాడు. చదివి, లోపలికి దూరే సందు కనిపెట్టాడు. "రన్నరు ఔటా కాదా అని నేను అడగడం లేదండీ, నియమం అన్వయం గురించి అడుగుతున్నాను" అంటూ మొదలుపెట్టి, పావుగంట ఔటా కాదా అన్నదే అడుగుతాడు.

నిట్టనిలువుగా గాల్లోకి లేచే బంతుల, అంటే పాప్‌అప్‌ల, సంగతి చూడండి. మొదటి రెండు బేసుల మీదా రన్నర్లుండి, ఇద్దరు ఇంకా ఔట్ కానప్పుడు, ఇన్‌ఫీల్డులో సులువుగా పట్టగలిగేలా బంతి గాల్లోకి లేస్తే బ్యాటరు అక్కడికక్కడే ఔట్. లేకపోతే ఫీల్డరు కావాలని క్యాచ్ జారవిడిచి, బేసులు వదల్లేక నిలబడ్డ రన్నర్లిద్దరినీ ఔట్ చేసేవాడు. ఆ మోసాన్ని ఆపడానికి 1895లో పుట్టిన ఇన్‌ఫీల్డ్ ఫ్లై నియమమిది. దీని మీద 1975లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ లా పత్రికలో ఏకంగా ఒక వ్యాసమే వచ్చింది, ఇంగ్లీషు న్యాయశాస్త్ర సంప్రదాయంతో పోలుస్తూ. ఈ నియమానికి ఇరుసు 'సాధారణ ప్రయత్నం' అన్న మాట. దానికి పుస్తకం ఇచ్చిన నిర్వచనం అద్భుతం: ఆ లీగులో, ఆ స్థానంలో ఆడే సగటు ఆటగాడు, మైదానాన్నీ వాతావరణాన్నీ బట్టి, చేయగల ప్రయత్నం. ఆ లీగులో అన్న ముక్క గమనించారా? యాభై అయిదు దాటినవాళ్ల లీగులో, సూర్యుడు కళ్లలో పడుతుండగా, నడుం పట్టేసిన షార్ట్‌స్టాప్ ఫీల్డరు చేయగల సాధారణ ప్రయత్నమెంతో ఏ సుప్రీంకోర్టు తేలుస్తుంది? మన కోర్టుపక్షి తేలుస్తాడు, ఒకే పూట రెండు విధాలుగా. తన జట్టు ఫీల్డింగులో ఉన్నప్పుడు బంతి కిందపడి అందరూ క్షేమంగా బేసులు చేరితే, బ్యాటరు ఎప్పుడో ఔటంటాడు. మా షార్ట్‌స్టాప్ లేడిపిల్ల, కళ్లు మూసుకుని పట్టేవాడే, చెయ్యి జారింది. మరుసటి ఇన్నింగ్స్‌లో అదే ఎత్తు బంతి అవతలి జట్టువైపు పడితే, ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఎక్కడిదంటాడు. ఆ షార్ట్‌స్టాప్ ఆ బంతి కిందికి చేరాలంటే ఇంకో ఆదివారం పట్టేది కదా! ఇద్దరూ ఒకే వయసువాళ్లు, ఒకే డాక్టరు దగ్గర మోకాళ్లు చూపించుకునేవాళ్లు.

బ్యాటింగ్ వరుస తప్పడం ఇంతకంటే గట్టి సాక్ష్యం. అయిదోవాడు రావాల్సిన చోట ఆరోవాడు వచ్చి నిలబడ్డాడనుకుందాం. అవతలి జట్టు అడిగితే తప్ప అంపైరు నోరు విప్పకూడదు. ఆ తప్పుడు బ్యాటరు వంతు ముగిశాక, తర్వాతి బంతి వేయకముందే అడిగితే, రావాల్సినవాడు ఔటవుతాడు. మన కోర్టుపక్షి స్కోరు కాగితం ఒళ్లో పెట్టుకుని మొదటి క్షణంలోనే గమనిస్తాడు. గమనించి, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ మౌనవ్రతం పడతాడు. బ్యాటరు ఔటైతే ఆ తప్పు జరగనట్టే. కొట్టి బేసు చేరాడో, ఈయన రెండు చేతులూ పైకెత్తుకుంటూ వచ్చేస్తాడు. పుస్తకం ప్రకారం ఇది నూటికి నూరుపాళ్లు సక్రమమే. కాదనను. కానీ తప్పు జరుగుతోందని తెలిసి, అది తనకు నష్టం చేసేదాకా ఆగినవాణ్ని నియమపాలకుడని ఎలా పిలుస్తాం? దొంగ గోడ దూకుతుంటే చూసి, సంచి నిండేదాకా ఆగి పట్టుకునే కాపలాదారు జీతమడిగినట్టు ఉంటుంది. గడువు నియమం సంగతి సరేసరి. ఇంత సమయం దాటాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని చాలా లీగుల్లో ఉంటుంది. తాము ముందంజలో ఉన్న రోజు ఈయన బూటులేసు ఎన్నిసార్లు ఊడుతుందో లెక్కపెట్టేవాళ్లు లేరు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది బరువైనదే. ఈయనే లేకపోతే జట్లు నిన్నటిదాకా కాలేజీలోనో, చిన్నపాటి ప్రొఫెషనల్ లీగులోనో ఆడిన కుర్రాణ్ని దించి, పిచింగ్ చేయించి నెగ్గేస్తాయి. వయసు దొంగలెక్కలు చెబుతాయి. ఎవరో ఒకరు పట్టించుకోవాలి కదా? పట్టించుకోవాలి. అందుకే లీగుల్లో పేర్ల జాబితాలున్నాయి, ప్లేఆఫ్‌లలో దిగాలంటే ముందు ఇన్ని ఆటలాడి ఉండాలన్న షరతులున్నాయి. ఆ కుర్రాడు సన్నాహక బంతులు వేస్తున్నప్పుడే వెళ్లి జాబితా చూపించమంటే పని అక్కడే తేలిపోతుంది. మన కోర్టుపక్షి అడగడు. అనుమానాన్ని ఊరగాయలా జాడీలో పెట్టి మూత బిగిస్తాడు. నెగ్గితే ఆ జాడీ తెరవడు, ఓడితే సోమవారం పొద్దున్నే తెరుస్తాడు. నిజంగా లీగును కాపాడేవాళ్లు వేరే ఉన్నారు. ఆటకు ముందు రెండు జట్ల పేర్లూ సరిచూసి, అంపైరు ఫీజు కవరులో పెట్టిచ్చి, సున్నం గీతలు గీసే మనుషులు వాళ్లు. వాళ్ల మీద ఎవరూ వ్యక్తిచిత్రాలు రాయరు. రాసేంత వినోదం వాళ్లలో లేదు పాపం.

రెండో అభ్యంతరం, పెద్ద లీగుల్లో మహామహులే ఇలా చేశారు కదా, ఆదివారపు ఆటగాణ్ని అనడమెందుకని. చేశారు. 1983 జూలై 24న యాంకీ స్టేడియంలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, తన జట్టులో ఇద్దరు ఔటయ్యాక, కాన్సాస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ హోమ్ రన్ కొట్టి జట్టును 5–4తో ముందుకు తెచ్చాడు. వెంటనే యాంకీల మేనేజర్ బిల్లీ మార్టిన్ బయటికొచ్చి, బ్యాటుకు పూసిన పైన్ జిగురు పిడి నుంచి నియమం ఒప్పుకునే పద్దెనిమిది అంగుళాలు దాటిందన్నాడు. అంపైరు బ్యాటును పదిహేడు అంగుళాల హోమ్ ప్లేట్ మీద అడ్డంగా పెట్టి కొలిచి, బ్రెట్‌ను ఔటన్నాడు. బ్రెట్ డగౌట్ లోంచి కొమ్ములు విసిరే ఆంబోతులా దూసుకొచ్చిన దృశ్యం ఇప్పటికీ ఆ దేశపు టీవీల్లో తిరుగుతూనే ఉంటుంది. ఆ జిగురు సంగతి యాంకీలకు అంతకుముందే తెలుసు, అదును కోసం ఆగారు. అంటే జాడీ సిద్ధాంతమే. కాన్సాస్ సిటీ ఫిర్యాదు మీద లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ తీర్పు కొట్టేశాడు. జిగురు ఎక్కువైతే బ్యాటును తప్పించాలే గానీ పరుగును కాదన్నది ఆయన భావం. ఆగిన చోటునుంచే ఆగస్టు 18న ఆట మళ్లీ మొదలైంది. మార్టిన్ ఊరుకున్నాడా? ఆ రోజు వచ్చిన అంపైర్లు వేరేవాళ్లు కాబట్టి, బ్రెట్ బేసులన్నీ తొక్కాడని మీకెలా తెలుసని కొత్త అప్పీలు తీశాడు. అంపైరు డేవ్ ఫిలిప్స్ జేబులోంచి కాగితం తీశాడు. బ్రెట్ బేసులన్నీ తొక్కాడని పాత అంపైర్లు సంతకాలు పెట్టి, నోటరీ చేయించి ఇచ్చిన అఫిడవిట్! కోర్టుపక్షికి కోర్టుకాగితంతోనే జవాబు దొరికిన ఘట్టం ఆటల చరిత్రలో నాకు తెలిసి ఇదొక్కటే. మార్టిన్‌కు ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఓడితే ఊడబీకే యజమాని నెత్తిమీద ఉన్నాడు. ఆదివారపు కోర్టుపక్షికి ఇవేవీ లేవు. సోమవారం పొద్దున ఆఫీసులో ఆయన గెలిచాడా ఓడాడా అని అడిగే ప్రాణి కూడా లేదు. అందుచేత రెండో అభ్యంతరం ఆయనకు సాకు కాదు సరికదా, కేసును ఇంకా బలపరుస్తుంది.

ఒక్క మాట మాత్రం ఆయన తరఫున చెప్పాలి. వేళకు వచ్చేది ఈయనే. నికర్‌బాకర్ల మొదటి నియమాన్ని లీగంతటిలో అక్షరాలా పాటించేవాడు ఎవరైనా ఉంటే ఈయనే. అవతలి జట్టులో మనుషులు చాలక గడువు దాటిపోతే ఆట ఆడకుండానే విజయం రాసేస్తారు కదా, ఆ గడియారం చూడటానికి ఎవరో ఒకరు ముందే రావాలి.

మేజర్ లీగు పుస్తకంలో ఇప్పుడు ప్రొటెస్టు, అంటే ఆట మీద లీగుకు చేసే ఫిర్యాదు, అన్నదే లేదు, ఏ కారణంతోనూ కుదరదని రాసేశారు. పెద్దల లీగుల్లో చాలాచోట్ల ఇంకా ఉంది, కాకపోతే ముందుగా రుసుము కట్టాలి. నెగ్గితే తిరిగిస్తారు, ఓడితే లీగు ఉంచేసుకుని బంతులు కొంటుంది. మన కోర్టుపక్షి చెక్కు పుస్తకం రూల్సు పుస్తకంతోపాటే, అదే ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది. ఆ లీగుకు ఏటా బంతుల కొరత రాదు.