సొంత చేలో దొంగ

నీతిమంతులకు మనవి: కిమ్ యుజంగ్ కథలు ముట్టుకోకండి. 1930ల నాటి కొరియా పల్లెలు. పైన జపాను దొరలు. కింద జూదరులు, దొంగలు, పెళ్లాన్ని అమ్ముకునే మొగుళ్లు. పిల్లలున్న ఇంట్లో ఉంచదగ్గ సరుకు కాదు.

'మన్‌ముబాంగ్' (1935) చూడండి. ఉంగో అనే కౌలు రైతు పండిన వరి కొయ్యడు. బద్ధకం అనుకునేరు! కిందటేడు కోసి, నూర్చి, భూస్వామికి కౌలు, షావుకారుకు వడ్డీ, తిన్న గింజల బాకీ కొలిచేసరికి కళ్లంలో మిగిలింది ఒంటి చెమటే. ఈ ఏడు చేను అలాగే నిలబెట్టాడు. ఇంతలో రాత్రిళ్లు కంకులు మాయం. జైలు చూసొచ్చిన అన్న ఉంగ్‌చిల్, నింద తన నెత్తికి చుట్టుకుంటుందని చీకట్లో కాపు కాశాడు. ముసుగు దొంగ దొరికాడు. కర్రతో చావబాది ముసుగు లాగితే, తమ్ముడు! తన వరి తనే దొంగిలిస్తున్నాడు. రామ రామ, ఎంత అప్రాచ్యపు పని!

అసలు పెద్దమనుషులు ధాన్యం ఎలా తరలిస్తారో ఉంగోకి తెలీదు పాపం. 1920లో జపాను సర్కారు కొరియాలో బియ్యం దిగుబడి పెంచే పథకం పెట్టింది. బియ్యం ఓడలెక్కి జపాను వెళ్లింది, పండించినవాడికి మంచూరియా కొర్రలు దిగాయి. పట్టపగలు, రశీదులతో. ముసుగెందుకు?

రశీదంటే గుర్తొచ్చింది. 'శరత్తు' కథలో బోక్‌మాన్ పెళ్లాన్ని ఎడ్ల వ్యాపారికి 50 వొన్‌లకు అమ్మాడు. నోటిమాట కాదండోయ్, కాగితం! సొమ్ము ఇంత, ముట్టింది, తేదీ ఫలానా. కొన్నాళ్లు తిరక్కుండా ఆవిడా లేదు, బోక్‌మానూ లేడు. తాడు తెంచుకున్న ఎద్దు పాత దొడ్డికే పోతుందని ఆ వ్యాపారికైనా తెలిసుండాల్సింది.

'బోమ్ బోమ్'లో ఇల్లరికపు అల్లుడు కాబోయేవాడు మూడేళ్ల ఏడు నెలలు జీతం లేకుండా చాకిరీ చేశాడు. పిల్ల ఇంకా ఎత్తు పెరగలేదంటాడు మామ. కొలిచే కర్ర ఆయన చేతిలోదే మరి.

మరో కొరియా రచయిత కిమ్ డాంగిన్ రాసిన 'గమ్‌జా' (1925) ఇంకా ఘోరం. బోక్‌న్యోని 15వ ఏట 80 వొన్‌లకు పెళ్లి పేరుతో అమ్మారు. ప్యాంగ్యాంగ్ మురికివాడలో బతుకీడుస్తూ చీనా తోటవాడి దుంపలు దొంగిలిస్తూ దొరికి, అతనికే ఉంపుడుకత్తె అయింది. చివరికి తను పట్టుకెళ్లిన కొడవలికే బలైంది. శవం పక్కన ముగ్గురు కూర్చున్నారు. తోటవాడి చేతి నుంచి మొగుడికి మూడు పదుల నోట్లు, వైద్యుడికి రెండు. మర్నాడు, మెదడులో నరం చిట్లి పోయిందన్న వైద్యుడి మాటతో ఆవిణ్ణి శ్మశానానికి మోసుకెళ్లారు.