కొస మిగిలింది: ఒక టెలోమియర్ ఆత్మకథ

ఈ ఆత్మకథను చెప్పుకుంటున్నది ఒక టెలోమియర్, అంటే క్రోమోజోము కొసన ఉండే డీఎన్ఏ భాగమూ దాన్ని అంటిపెట్టుకున్న ప్రోటీన్లూ కలిసిన కట్టడం. మానవ కణంలో 46 క్రోమోజోములు, వాటికి 92 కొసలు ఉంటాయి. ఈ టెలోమియర్ ఎనిమిదో క్రోమోజోము పొడవు భుజం చివరిది కాగా, దీని ప్రస్తుత నివాసం ‘హీలా’ అన్న పేరుతో ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్న క్యాన్సర్ కణాలు. ఆత్మకథ రాసుకునేవారికి చెప్పుకోదగిన పాండిత్యం కొంతైనా ఉంటుంది. ఈ టెలోమియర్‌కు వచ్చినది మాత్రం రెండు థైమిన్లు, ఒక అడినిన్, మూడు గ్వానిన్లు కలిసిన ఆరక్షరాల ముక్క ఒక్కటే, దాన్నే వందల, వేల మార్లు వల్లెవేయడం తప్ప ఏ ప్రోటీను తయారీకీ పనికివచ్చే సమాచారం దీని దగ్గర లేదు.

అయినా ఆ వల్లెవేత వృథా కాదు. కణంలో డీఎన్ఏ ఎక్కడ తెగినా మరమ్మతు యంత్రాంగం పసిగట్టి, తెగిన కొసలను అతికిస్తుంది. క్రోమోజోము సహజమైన కొసను కూడా అది తెగిన చోటుగా పొరబడితే సంబంధం లేని రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పండ్ల ఈగల మీద ఎక్స్-కిరణాలు ప్రయోగించిన హెర్మన్ ముల్లర్, మొక్కజొన్న క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో పరిశీలించిన బార్బరా మెక్‌క్లింటాక్, 1930ల నాటికే సహజమైన కొసలు ఇలా అతుక్కోవని, వాటికేదో ప్రత్యేక రక్షణ ఉందని గ్రహించారు. షెల్టరిన్ అనే ఆరు ప్రోటీన్ల కూటమి ఈ టెలోమియర్‌ను కప్పి ఉంచుతుందని, దీని చివర ఒంటిపేటగా పొడుచుకువచ్చిన డీఎన్ఏ వెనక్కు మడుచుకొని జంటపేటలోకి దూరి ఉచ్చులా ముడిపడుతుందని ఆ తరువాతి దశాబ్దాల్లో తెలిసింది.

రక్షణ ఉన్నంత మాత్రాన అరుగుదల ఆగదు. డీఎన్ఏకు నకలు తీసే పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఉన్న పేటను పొడిగించగలదే గాని కొత్త పేటను శూన్యం నుంచి మొదలుపెట్టలేదు కనుక, మొదట ప్రైమర్ అనే చిన్న ఆర్ఎన్ఏ ముక్క దానికి ఆధారంగా కూర్చుంటుంది. పని ముగిశాక ప్రైమర్‌ను తొలగించి ఆ ఖాళీలను పూరించవచ్చు గాని, కొసన ఉన్న ప్రైమర్ స్థానాన్ని పూరించే మార్గం లేదు. పీట మీద కూర్చుని నేల అలికే మనిషికి పీట కింది చోటు అందనట్లే, ప్రతి నకలులోనూ కొసన కొంత భాగం మిగిలిపోతుంది. ఈ చిక్కును 1971లో అలెక్సీ ఒలొవ్నికోవ్, 1972లో జేమ్స్ వాట్సన్ విడివిడిగా గుర్తించారు. పుట్టుక నాటికి మనిషి టెలోమియర్ల పొడవు సుమారు 10 నుంచి 15 వేల అక్షర జంటలు ఉంటే, ప్రయోగశాలలో పెంచిన సాధారణ కణాల్లో ఒక్కొక్క విభజనకు సుమారు 50 నుంచి 200 జంటలు తరిగిపోతాయి.

మానవ పిండ కణాలు గాజుపాత్రలో సుమారు 50 సార్లు రెట్టింపయ్యాక విభజన మానేస్తాయని 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ ఫిలడెల్ఫియాలో చూపినప్పుడు, ఆ లెక్కను కణం ఎక్కడ దాచుకుంటుందో ఎవరికీ తెలియలేదు. కణాలు ముదిరేకొద్దీ టెలోమియర్లు కురచవుతాయని 1990లో కాల్విన్ హార్లీ, కరోల్ గ్రైడర్ బృందం చూపడంతో ఆ లెక్కల పుస్తకం దొరికినట్లయింది. కొస మరీ కురచయినప్పుడు షెల్టరిన్ పట్టు సడలుతుంది, కణం దాన్ని డీఎన్ఏకు తగిలిన గాయంగా భావిస్తుంది, పి53 అనే ప్రోటీను రంగంలోకి దిగి విభజనను శాశ్వతంగా నిలిపివేస్తుంది. ఇలా చావకుండానే విభజన మానుకున్న స్థితిని సెనెసెన్స్ అంటారు.

వంశం ఇలా తరతరానికీ అరుగుతూ పోతే ఎనిమిదో క్రోమోజోము ఏనాడో నశించి ఉండాలి. నశించకపోవడానికి కారణం టెలోమరేజ్ అనే ఎంజైమ్. టెట్రాహైమెనా అనే చెరువు సూక్ష్మజీవిలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ 1978లో కొసల అక్షరక్రమాన్ని చదివారు. అదే జీవి నుంచి తీసిన సారంలో కొసలను పొడిగించే ఎంజైమ్ ఉన్నట్లు 1984 క్రిస్మస్ నాడు గ్రైడర్‌కు తొలి ఆధారం కనిపించింది. తనలోనే మోసుకు తిరిగే ఆర్ఎన్ఏ ముక్కను నమూనాగా పెట్టుకుని, టెర్ట్ అనే ప్రోటీను భాగంతో అది ఆరక్షరాల ముక్కలను చేరుస్తుంది. బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. మనిషిలో ఈ ఎంజైమ్ బీజకణాలను ఉత్పత్తి చేసే కణాల్లోనూ తొలి పిండంలోనూ చురుకుగా పనిచేసి, ఆ తరువాత చాలా దేహకణాల్లో మూగబోతుంది. 1920లో వర్జీనియా రాష్ట్రంలోని రోనోక్‌లో పుట్టిన, హీలా కణాలకు మూలమైన హెన్రియెటా లాక్స్ దేహంలో ఈ టెలోమియర్ కూడా ఆ క్రమాన్నే అనుసరించింది.

దేహం ఎంజైమ్‌ను మూగబరచడం పొదుపు కోసం కాదు. క్యాన్సర్‌గా మారడానికి కణం అనేక ఉత్పరివర్తనాలను, అంటే జన్యువుల్లో జరిగే మార్పులను, పోగుచేసుకోవాలి, దానికి అనేక విభజనలు కావాలి. విభజనలకు హద్దు ఉంటే దారితప్పిన కణం మధ్యలోనే ఆగిపోతుంది. హెన్రియెటా గర్భాశయ ముఖద్వారంలో ఈ హద్దును చెరిపినది హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో 18వ రకం. ఆ వైరస్ జన్యుభాగం ఈ టెలోమియర్ ఉన్న పొడవు భుజంలోనే, కణాన్ని విభజనకు పురికొల్పే ‘మిక్’ అనే జన్యువుకు చేరువగా వచ్చి అతుక్కుంది. వైరస్‌కు చెందిన ఇ6 ప్రోటీను పి53ను నాశనం చేస్తుంది, ఇ7 మరో కాపలా ప్రోటీనైన ఆర్‌బీని లొంగదీస్తుంది. అంతటితో ఆగక ఇ6, మిక్ రెండూ టెర్ట్ జన్యువును మేల్కొల్పుతాయి. టెర్ట్ జన్యువు ఉండేది ఐదో క్రోమోజోము పొట్టి భుజంలో కాగా, హీలా కణాల్లో ఆ భుజానికి అదనపు ప్రతులు కూడా ఉన్నాయి. కాపలా తొలగాక, టెలోమరేజ్ తిరిగి చేతికందే లోపు, ఇలాంటి కణాల్లో రక్షణ కోల్పోయిన కొసలు అతుక్కుని, విభజనలో తెగి, మళ్లీ అతుక్కుని క్రోమోజోములను కలగాపులగం చేస్తాయి. హీలా కణాల్లో 46కు బదులు 70కి పైగా క్రోమోజోములు ఉండటం అటువంటి అస్థిరతకు గుర్తు.

1951 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లోని ఒక ఆసుపత్రిలో, హెన్రియెటా అనుమతి అడగకుండానే, ఆమె కణితి నుంచి తీసిన చిన్న ముక్క జార్జ్ గై ప్రయోగశాలకు చేరింది. అంతకు ముందు అక్కడికి వచ్చిన మానవ కణాలు కొద్దికాలానికే నశించిపోతుండగా, ఇవి మాత్రం దాదాపు రోజుకొకసారి రెట్టింపవుతూ వచ్చాయి. హెన్రియెటా అదే సంవత్సరం అక్టోబర్ 4న, 31 ఏళ్ల వయసులో మరణించింది. ఈ టెలోమియర్ మరణించలేదు. దేహాన్ని కాపాడే నియమం చెడినందువల్లనే తన ఉనికి కొనసాగుతోందన్న నిజాన్ని మరుగుపరిచి చెప్పుకుంటే ఈ ఆత్మకథ ఆత్మస్తుతిగా మిగులుతుంది.

మానవ టెలోమరేజ్ మొదట దొరికినది కూడా ఈ కణాల్లోనే: 1989లో గ్రెగ్ మోరిన్ దాన్ని హీలా సారంలో గుర్తించాడు. మానవ క్యాన్సర్లలో 85 నుంచి 90 శాతం టెలోమరేజ్‌ను తిరిగి మేల్కొల్పుకుంటాయని, మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒక కొసను చూసి మరో కొసను రాసుకునే వేరొక పద్ధతిని ఆశ్రయిస్తాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 1998లో సాధారణ మానవ కణాల్లోకి టెర్ట్ జన్యువును చేర్చగా అవి హేఫ్లిక్ హద్దును దాటి విభజన చెందుతూనే ఉన్నా క్యాన్సర్ కణాలుగా మారలేదు; కనుక టెలోమరేజ్ క్యాన్సర్‌ను పుట్టించదు, పుట్టినదానికి గడువు లేకుండా చేస్తుంది.

గడువు తగ్గినా ప్రమాదమే. టెలోమరేజ్ భాగాల్లో పుట్టుకతో లోపం ఉన్నవారికి ఎముక మజ్జ క్షీణించడం, ఊపిరితిత్తులు గట్టిపడటం వంటి వ్యాధులు రావచ్చు. మరోవైపు వంశపారంపర్యంగా పొడవైన టెలోమియర్లు ఉన్నవారికి మెలనోమా వంటి కొన్ని క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. కొసలను పొడిగిస్తే యవ్వనం తిరిగివస్తుందని మాత్రలమ్మే ప్రకటనలు ఈ రెండో సగాన్ని చెప్పవు. టెలోమరేజ్‌ను అడ్డుకునే ఇమెటెల్‌స్టాట్ అనే మందుకు 2024లో అమెరికాలో ఒక రకం మజ్జ వ్యాధికి అనుమతి లభించింది. అయితే హెన్రియెటాకు వచ్చిన వ్యాధి విషయంలో అంత దూరం పోనవసరం లేదు: 2006 నుంచి అందుబాటులో ఉన్న టీకాలు 18వ రకం వైరస్‌ను కణంలో చేరకముందే అడ్డుకోగలవు, కాపలా ప్రోటీన్లను వాటి పనిలో ఉండనివ్వగలవు. ఈ టెలోమియర్‌కు దక్కినటువంటి దీర్ఘాయువు ఇక ఏ స్త్రీ దేహంలోని కొసకూ దక్కకుండా చూడటానికి మనుషుల చేతిలో ఉన్న ఉపాయాల్లో అదే సులువైనది.